బాపు బస్సులో నాలుగేళ్ల కొట్లాట

మా ఇంటి నుంచి నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీకి నడిస్తే ముప్పావు గంట. అయినా నాలుగేళ్లపాటు ఆ కాలేజీకి నేను హయత్‌నగర్ మీదుగా వెళ్లాను. పొద్దున ఆరున్నరకు ఇబ్రహీంపట్నంలో మా గల్లీ చివర బస్సెక్కి, కాలేజీని వెనక వదిలేసి హయత్‌నగర్ దాకా పోయి, అక్కడి పిల్లలు ఎక్కాక మళ్లీ వచ్చిన దారినే తిరిగొచ్చి, తొమ్మిదింటికి క్లాసులో కూర్చునేదాన్ని. సాయంత్రం ఇంటికి రావడమూ అదే చుట్టు. ఈ సంగతి చెప్తే అందరూ నవ్వుతారు. ఓపిక ఉన్న రోజుల్లో నేనూ నవ్వేదాన్ని.

ఆ బస్సు నడిపింది మా బాపు.

ఇంటర్ అయ్యాక నాకు కౌన్సెలింగ్‌లో ఆ కాలేజీలో సీటు వచ్చింది. సర్కారు ఇచ్చే రీయింబర్స్‌మెంటు ఫీజులో కొంతవరకే వస్తుంది. మిగతాది మేమే కట్టుకోవాలి. ఇంట్లో దాచుకున్న డబ్బంటూ లేదు. ఉన్న కాస్తా అంతకు ముందే నానమ్మ ఆపరేషన్‌కు దవాఖానలో అయిపోయింది. అప్పటికి బాపు లారీ నడిపేవాడు. పదిహేను రోజులకోసారి ఇంటి మొహం చూసినా జీతం బాగానే వచ్చేది. కాలేజీ ఆఫీసులో ఒకాయన మా అవస్థ చూసి ఒక దారి చెప్పాడు. స్టాఫ్ పిల్లలకు మిగతా ఫీజు మాఫీ చేస్తారట, బస్సులకు డ్రైవర్లు కావాలట. డ్యూటీ చేసినన్ని రోజులే మాఫీ అని కూడా చెప్పాడు. బాపు ఆ వారమే లారీ తాళాలు ఓనరు చేతిలో పెట్టి వచ్చేశాడు.

"జీతం సగానికి సగం పడిపోతది గద. ఇల్లెట్ల నడుస్తది?" అంది అమ్మ.

"పొద్దుగాల ఒక ట్రిప్పు, మాపటికొక ట్రిప్పు. నడుమ ఖాళీనే ఉంట. ఏదన్న జూస్త తియ్యి" అన్నాడు బాపు.

ఆయన చూసుకున్నది నీళ్ల ట్యాంకర్. పొద్దున పిల్లల్ని కాలేజీలో దించగానే ప్లాట్లు వేసిన వెంచర్లకు, కట్టే ఇళ్లకు నీళ్లు పోయడానికి పోయేవాడు. సాయంత్రం మళ్లీ బస్సు. పిల్లల్ని ఇళ్లకు చేర్చాక మళ్లీ ట్యాంకర్. ఎండాకాలం వస్తే ఆయన ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో అమ్మకు కూడా తెలిసేది కాదు.

మొదట్లో నేను ఆ బస్సెక్కింది పైసలు మిగులుతాయనే. డ్రైవర్ బిడ్డకు తండ్రి బస్సులో టికెట్ లేదు. ఆటోకైతే రోజూ పెట్టుకోవాలి. డ్రైవర్ వెనక సీటు నాది. ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. మొదటి సంవత్సరం సగం అయ్యేదాకా ఆ దారిలో ఏమున్నాయో నేను చూడనేలేదు.

ఒకరోజు ఎందుకో మెలకువ వచ్చింది. ఎదురుగా అద్దంలో బాపు మొహం కనిపించింది. రెప్పలు మెల్లగా వాలాయి, వాలి అలాగే ఉన్నాయి. బస్సు మాత్రం పోతూనే ఉంది.

"బాపు" అని భుజం పట్టి కుదిపాను.

"పడుకోలే బిడ్డా. కండ్లు మండుతున్నయ్, గంతే" అన్నాడు.

ఆ రోజు క్లాసులో ఒక్క ముక్క ఎక్కలేదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చెప్తే బాపు డ్యూటీ పోతుంది. డ్యూటీతో పాటు మాఫీ పోతుంది, మాఫీతో పాటు నా చదువు. చెప్పకపోతే ఆ బస్సులో నలభై మంది పిల్లలు ఉంటారు, ఒక్కరు కూడా మా వాళ్లు కారు. నేను చెప్పలేదు. బాపు మీద జాలితో చెప్పలేదని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నాకు చదువు కావాలి. అంతే.

మర్నాటి నుంచి నేను నిద్రపోవడం మానేసి ఆయన్ని మాటల్లో పెట్టడం మొదలుపెట్టాను. అది అనుకున్నంత తేలిక కాదు. మంచిగా మాట్లాడితే బాపు ఊఁ కొడతాడు. ఊఁ కొడుతూనే నిద్రలోకి జారుకుంటాడు. పాఠాలు చదివి వినిపిస్తే ఇద్దరికీ కలిపి నిద్ర వచ్చింది. ఒకరోజు విసుగెత్తి, పెదనాన్నకు అప్పిచ్చిన పైసలు ఎప్పుడైనా తిరిగి వచ్చాయా అని అడిగాను. బాపుకు కోపం వచ్చింది. హయత్‌నగర్ దాకా అన్న తరఫున వాదిస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా రెప్ప వాలలేదు.

అప్పటి నుంచి రోజూ కొట్లాటే. రాత్రి పడుకునే ముందు మర్నాటికి ఏ విషయం మీద కయ్యం పెట్టుకోవాలో ఆలోచించుకునేదాన్ని. అమ్మ వండిన కూరలో ఉప్పు, మీసాలకు ఆయన వేసుకునే రంగు, క్రికెట్‌లో ఆయన వెనకేసుకొచ్చే ఆటగాడు, ఏదో ఒకటి. ఆయన మరీ అలసిపోయి ఉన్న రోజున ఇవేవీ పనిచేసేవి కావు. అలాంటి రోజులకని ఒక మాట దాచిపెట్టుకున్నాను. "నువ్వెన్నడు ఇంట్ల ఉన్నవ్? నన్ను పెంచింది అమ్మనే" అనేదాన్ని. ఆ మాటకు ఆయన మెడ నిటారుగా అయ్యేది. ఆ మాట అన్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా అన్నాను, ఒకసారి కాదు.

హయత్‌నగర్‌లో మొదటి స్టాపులో ఎక్కే అమ్మాయి నా పక్కనే కూర్చునేది. వాళ్లమ్మ రోజూ బస్సుదాకా వచ్చి, బిడ్డ కూర్చున్నాకనే వెనక్కి తిరిగేది. ఆ అమ్మాయి కొన్నాళ్లు మా వాదులాట విని ఊరుకోలేక, "మీ బాపుతోని గట్ల మాట్లాడతవేందే?" అని అడిగింది.

"మా ఇంట్ల గంతే" అన్నాను.

తర్వాత ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ తీసేశారు. ఇంకా ఆ చుట్టూ తిరిగే దారి ఎందుకు, పొద్దెక్కేదాకా పడుకొని నేరుగా పోవచ్చు కదా అంది అమ్మ. నిద్ర మీద నాకెంత ఆశ ఉండేదో అమ్మకేం తెలుసు. బాపు బస్సులో ముందు సీట్లో కూర్చోవడమే నాకు అలవాటని కసురుకున్నాను. ట్యాంకర్ పని ఎంత కష్టమో అమ్మకు తెలుసు కానీ, స్టీరింగ్ మీద ఏం జరుగుతుందో మేమిద్దరం ఆమెకు చెప్పలేదు.

మూడో సంవత్సరం పరీక్షలప్పుడు నేనే నిద్రపోయాను. రాత్రంతా చదివి, తెల్లారి పిల్లలందరూ ఎక్కాక ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కింద ఏదో దడదడమని కొట్టుకున్న చప్పుడుకు లేచాను. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక వెంచర్ పక్కన, ఎడమ చక్రాలు రోడ్డు దిగి ఎర్రమట్టిలో పోతున్నాయి. ప్లాట్ల హద్దురాళ్లు టైర్ల కింద విరుగుతున్నాయి. గట్టిగా అరిచాను. బాపు స్టీరింగ్ తిప్పాడు. బస్సు ఊగి, మళ్లీ రోడ్డెక్కి, కొంచెం ముందుకు పోయి ఆగింది.

వెనక సగం మంది చెవుల్లో పాటలు పెట్టుకొని కళ్లు మూసుకొని ఉన్నారు. "ఏమైందన్నా?" అన్నారు ఎవరో.

"కుక్క అడ్డమొచ్చింది" అన్నాడు బాపు.

కిందికి దిగి సీసాలో నీళ్లతో మొహం కడుక్కున్నాడు. టైర్లు చూసి వచ్చాడు. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు. పక్కనున్న అమ్మాయి నా చేయి పట్టుకొని, "కుక్క బతికిందా?" అని అడిగింది. బతికింది అన్నాను.

ఆ సాయంత్రం ఇంటి బయట ఆయన్ని ఆపి, "ట్యాంకర్ బంద్ చెయ్. లేకుంటే నేను కాలేజీ బంద్ చేస్త" అన్నాను. సరే అన్నాడు. నిజంగానే మానేశాడు, ఒక నెలపాటు. తర్వాత ఇంటి కిరాయి ఆగింది. అమ్మ షుగర్ మాత్రలు పూటకు ఒకటి వేసుకోవాల్సింది రోజుకు ఒకటి వేసుకుంటోందని నాకు డబ్బా చూస్తే తెలిసింది. ఇంకో వారానికి బాపు ప్యాంటు మోకాళ్లదాకా బురద మరకలతో దండెం మీద ఆరుతూ కనిపించింది. అది ఎక్కడి బురదో నేను అడగలేదు.

మర్నాడు బస్సెక్కి మాట్లాడకుండా కూర్చున్నాను. కొంతదూరం పోయాక బాపు అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏంది, ఇయ్యాల నోరు లేస్తలేదు? మీ పెదనాయిన సంగతి తియ్యి జర" అన్నాడు.

ఇన్నాళ్లూ ఆయనకు అంతా తెలుసన్నమాట. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఆయన ఊరుకోబెడతాడు, కొట్లాట జరగదు. అందుకని పెదనాన్న సంగతి తీశాను.

నాలుగో సంవత్సరం కూడా అలాగే గడిచింది. ఆఖరి రోజు సాయంత్రం హయత్‌నగర్‌లో ఆ అమ్మాయి దిగేచోట వాళ్లమ్మ మిఠాయి డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి రెండు చేతులతో బాపుకు అందించింది.

"నాలుగేండ్లు మా బిడ్డను పైలంగ తీస్కపోయి తీస్కొచ్చినవ్ అన్న. నువ్వు సల్లగుండాలె" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ ఇంజనీరువైనవ్. ఇగనన్న బాపుతోని మంచిగ మాట్లాడు బిడ్డా. ఇంత మంచి మనిషితోని రోజు కొట్లాట పెట్టుకుంటవంట."

సరే ఆంటీ అన్నాను. బాపు డబ్బా అందుకున్నాడు కానీ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

పిల్లలందరూ దిగిపోయాక ఖాళీ బస్సులో ఇబ్రహీంపట్నం బయలుదేరాం. డబ్బా ఇంజన్ మూత మీద ఉంది. ఔటర్ దాటాం. హద్దురాళ్లు విరిగిన చోట బాపు బస్సును కొంచెం మెల్లగా పోనిచ్చాడు.

"నువ్వు తిను. నాకు మింగుడు పడది" అన్నాడు డబ్బా చూపించి.

నాకూ పడదని చెప్పలేదు. ఇక చదువు అయిపోయింది, వెనక ఎవరి పిల్లలూ లేరు. ఆమె చెప్పినట్టు ఈ ఒక్కసారైనా బాపుతో మంచిగా మాట్లాడదామని, అలసిపోయావా అని అడుగుదామని నోరు తెరిచాను. అద్దంలో ఆయన రెప్పలు వాలుతున్నాయి.

"పెదనాయినకు మల్ల పైసలిచ్చినవంట గద" అన్నాను.

"ఎవడు చెప్పిండు నీకు?" అని బాపు నిటారుగా కూర్చున్నాడు.