కుక్క మేడమ్‌కి నా గొంతు

ఆ కుక్కల సినిమాలు చూసిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. సినిమాలకు అప్పుడే మాటలొచ్చిన కాలంలో తీసినవట. నలుపు తెలుపు బొమ్మలు, ఒక్కొక్కటీ కాసేపట్లో అయిపోతుంది. అందులో మనుషులే ఉండరు, అన్నీ కుక్కలే. కోట్లు, టోపీలు, గౌన్లు వేసుకుని రెండు కాళ్ళ మీద నిలబడి పెళ్ళిళ్ళు చేసుకుంటాయి, హోటళ్ళలో భోంచేస్తాయి, కోర్టులో వాదించుకుంటాయి. మస్కట్‌లోని ఖురంలో నేను పనిచేసే ఇంటి పెద్దమ్మాయి కాలేజీలో సినిమాల గురించి చదువుతోంది. ఆ అమ్మాయి హాల్లో టీవీలో ఇవి పెట్టుకుని పడిపడి నవ్వుతుంటే, నేను పక్కన ఇస్త్రీ చేస్తూ చూశాను. కుక్కకు కూడా ఇస్త్రీ చేసిన కోటే! దాన్ని ఎవరు ఇస్త్రీ చేసి ఉంటారో నాకు తెలుసు.

మాటకు తగ్గట్టు వాటి నోళ్ళు కదులుతాయి. ఎలాగని అడిగితే ఆ అమ్మాయి హిందీలో చెప్పింది. కుక్క నోట్లో అంటుకునే మిఠాయి ఏదో పెట్టేవాళ్ళట. అది వదిలించుకోలేక కుక్క దవడలు ఆడిస్తుంటే, పక్కనుంచి మనిషి గొంతు కలిపేవాళ్ళట. ఆ అమ్మాయికి అది భలే తమాషా. నాకు మాత్రం చిరాకేసింది. పాపం ఆ నోరులేనిది మిఠాయితో అవస్థ పడుతుంటే, జనం అది జోకు వేసిందని నవ్వారన్నమాట.

అసలు చిరాకు పడటానికి నాకు ఆ కుక్కలే అక్కర్లేదు. రెండేళ్ళ కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. సెలవు మీద కడపకు పోయి పాపను చూసుకోవాలి. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి పాప మా అత్త దగ్గరే పెరుగుతోంది. నా టికెట్టు ఆ అమ్మాయి వాళ్ళమ్మ, మా మేడమ్ కొనాలి. ఎప్పుడడిగినా ఒకటే మాట, "బుక్రా." అరబ్బీలో రేపు అని. మేడమ్ చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. తిండికి లోటు చేయదు, నాకు ఒంట్లో బాగోకపోతే తనే మందు తెస్తుంది. టికెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పండగంటుంది, పరీక్షలంటుంది, చుట్టాలొస్తున్నారంటుంది. పైగా నవ్వుతూ అంటుంది. నా మంటంతా ఆ నవ్వు మీదే.

ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ పాప నాతో మాట్లాడటం మానేసింది. నేను ఇక్కడికి వచ్చేటప్పటికి దానికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. వీడియో కాల్‌లో తిన్నావా, బడికి పోయినావా అని అడుగుతాను. తలూపి పారిపోతుంది. ఫోన్లో గోడ, ఆ గోడ మీది క్యాలెండరు మిగులుతాయి. వాటితో ఎంతసేపని మాట్లాడను?

ఒక శుక్రవారం ఎప్పటిలాగే ఇంట్లో అందరూ మేడమ్ పుట్టింటికి భోజనానికి వెళ్ళారు. పెద్దమ్మాయి సగంలో ఆపేసిన కుక్క సినిమా టీవీలో అలాగే ఉంది. పాప పారిపోబోతుంటే విసుగొచ్చి ఫోన్ కెమెరా అటు తిప్పాను. టీవీ సౌండ్ తీసేసి నేనే మాటలు మొదలుపెట్టాను. బొచ్చు కోటు వేసుకుని సోఫాలో కూర్చున్న పెద్ద కుక్కకు మా మేడమ్ గొంతు పెట్టాను. ఏప్రన్ కట్టుకుని ట్రే తెచ్చే చిన్న కుక్కను నేనే.

"మేడమ్, చాయ్ తెచ్చినా. నాకెప్పుడిస్తారు చాయ్?"

"బుక్రా!"

"మేడమ్, నాకు నిద్దరొస్తాంది."

"బుక్రా!"

పాప విరగబడి నవ్వింది. బుక్రా అంటే ఏందని అడిగింది. రేపు అని చెప్పాను. అది తనంతట తాను నన్నో మాట అడగడం అదే మొదలు.

అప్పట్నుంచి శుక్రవారం కోసం నాకన్నా అదే ఎక్కువ ఎదురుచూసేది. నా ముఖం కనబడితే మాత్రం "నువ్వొద్దు, కుక్క మేడమ్‌ని చూపిచ్చు" అనేది. కన్నతల్లిని, నేనొద్దట! కోటేసుకున్న కుక్క కావాలట! కోపం దిగమింగుకుని కెమెరా తిప్పేదాన్ని. కనీసం నా గొంతయినా దాని చెవిన పడుతోంది కదా అనుకునేదాన్ని.

దాని బుర్రలో ఏం నడుస్తోందో నేను గమనించలేదు. ట్రే తెచ్చే కుక్క మాటలు అమ్మవని దానికి తెలుసు. దాంతో అమ్మ మస్కట్‌లో ఆ కోటు కుక్క ఇంట్లోనే పనిచేస్తోందని గట్టిగా నమ్మేసింది.

మొన్న శుక్రవారం పెద్ద కుక్క తెర మీదికి రాగానే పాప ఫోన్‌కు బాగా దగ్గరగా వచ్చింది. టీచరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుంది.

"మేడమ్, మా అమ్మను ఎప్పుడు పంపిస్తావు?"

తెర మీద కుక్క దవడలు ఆడుతున్నాయి. నోటికి అలవాటైపోయిన మాట, ఆపుకునేలోపే మేడమ్ గొంతులో బయటికొచ్చేసింది.

"బుక్రా!"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అవ్వా, అమ్మ రేపొస్తాదంట! మేడమ్ చెప్పింది!" అని కేక పెడుతూ పరుగెత్తింది. "లేదు పాపా, ఉత్తదే, ఆటకు అన్నాను" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఫోన్లో గోడా, క్యాలెండరూ ఉన్నాయి.

మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అత్త ఫోన్ చేసింది.

"ఏం చెప్పినావు మే పాపకు? పొద్దన్నే నీళ్ళు పోసుకోని, కొత్త గౌను ఏసుకోని అరుగు మీద కూచ్చుండాది. ఆటో శబ్దమైతే చాలు, లేచి చూస్తాంది. అన్నం తిందువు రామ్మా అంటే, అమ్మ వచ్చినాక తింటానంటాది."

"నేను చెప్పలేదత్తా. ఆ కుక్క అనింది."

"కుక్కలు యాడన్నా మాట్లాడతాయా?" అంది అత్త.

ఫోన్ పెట్టేసి, తడి చేతులతోనే కిందికి వెళ్ళి మేడమ్ ముందు నిలబడ్డాను. "మేడమ్, నా టికెట్టు" అన్నాను. మేడమ్ ఎప్పటిలాగే నవ్వి నోరు తెరిచింది. ఆమె అనకముందే ఆ మాట నాకు వినబడింది, నా గొంతుతోనే.