అత్తయ్యగారి పొద్దుటి నడక

మా పక్కింటి అత్తయ్యగారు పోయారని మొన్న సాయంత్రం అవనిగడ్డ నుంచి అమ్మ ఫోన్ చేసింది. షుగరు ముదిరి, కాలిపుండు మానక చాలాకాలంగా మంచంలోనే ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. అయినా గుడివాడ బస్టాండులో నిలబడితే ఏ బస్సు ఎక్కాలో కాసేపు తోచలేదు నాకు.

ఆవిడ మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్న మనిషి. చిన్న వయసులోనే, ఒక కూతురు పుట్టాక, భర్త పోయారు. కుదురుగా కూర్చోవడం ఆవిడ ఒంట్లోనే లేదు, వాళ్ళమ్మదీ అదే తీరట. మా ఇంటికొస్తే కాఫీ కూడా నిలబడే తాగేవారు. అలాంటి మనిషికి షుగరొచ్చింది. రోజూ పొద్దున్నే నడవమన్నారు డాక్టరుగారు.

"బానే ఉంది! పొద్దున్నే నేను రోడ్డెక్కితే సగం ఊరు ప్రయాణాలు మానుకుంటుంది" అని నవ్వారు అత్తయ్యగారు.

మీకు వింతగా ఉండొచ్చు గానీ, పనిమీద బయల్దేరినవాళ్ళకి విధవ ఎదురు రాకూడదన్న పట్టింపు మా వీధిలో అప్పటికీ పోలేదు. అందుకని పెరట్లోనే, నూతికీ దొడ్డిగుమ్మానికీ మధ్య తిరిగేవారు. త్వరలోనే విసుగొచ్చేసింది. "గానుగెద్దుకైతే కళ్ళకి గంతలన్నా కడతారు అల్లుడూ, నాకు అదీ లేదు" అన్నారు.

చివరికి అమ్మ పూనుకుంది. "నేనుంటాగా వదినగారూ, ఎవడేమంటాడో చూద్దాం" అని కాలవగట్టు మీదికి తీసుకెళ్ళింది. ఎవరైనా ఎదురొస్తుంటే అమ్మ చప్పున ముందుకు నడిచేది, వాళ్ళకి ముందు తన మొహం కనబడాలని. అందుకు అత్తయ్యగారు నొచ్చుకున్నారో లేదో తెలీదు. కబుర్లలో పడి ఇద్దరూ లాకుల దాకా వెళ్ళొచ్చేవారు. షుగరు దిగింది, నిద్ర పట్టింది, మొహం తేటపడింది. "మొగుడు పోయింది నాకు గానీ, నా కాళ్ళకి కాదుగదా" అని అమ్మతో అంటుంటే ఒకసారి విన్నాను.

ఆ రోజుల్లోనే బందరులో ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున్నే నేను గుమ్మం దిగేసరికి వాళ్ళిద్దరూ నడిచొస్తున్నారు. నన్ను చూసి అత్తయ్యగారు గబుక్కున గోడవైపు తిరిగిపోయారు. అమ్మ ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని నా ముందుకు తెచ్చి, "దీవించండి వదినగారూ" అంది. ఆవిడ నా తల నిమిరారు.

ఉద్యోగం రాలేదు. వాళ్ళడిగినవాటికి నాకు జవాబులు తెలియలేదు, అంతే. ఆ మాట ఆవిడకి ఎన్నోసార్లు చెప్పాను. మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాటనలేదు. కానీ ఆ సంగతి తెలిసిన మర్నాడు అమ్మ వెళ్ళి పిలిస్తే, "మోకాళ్ళు లాగుతున్నాయి వదినగారూ, మీరెళ్ళండి" అన్నారు. ఆ తర్వాత రోజూ అదే జవాబు. డాక్టరుగారు కోప్పడ్డారు, కూతురొచ్చి ఏడ్చింది. ఆవిడ మాత్రం గుమ్మం దాటలేదు.

కొన్నాళ్ళకి నాకు గుడివాడలో ఉద్యోగమైంది. చెబుదామని పరిగెత్తుకెళ్ళాను. ఎంతో సంతోషించి, "చూశావా అల్లుడూ, ఈసారి నేను ఎదురు రాలేదు" అన్నారు. ఆ మొదటి ఉద్యోగమే వచ్చుంటే ఈ మనిషి ఇంకా నడుస్తూ ఉండేవారు కదా అని ఇవాళ్టికీ అనుకుంటాను.

నిన్న పొద్దున్నే తీసుకెళ్ళాం. పాడెకి నేనూ భుజం పట్టాను. పెద్ద రోడ్డెక్కగానే, పెళ్ళిచూపులకి బయల్దేరినవాళ్ళు కాబోలు, ఎదురుగా కొత్త బట్టల్లో ఆటోలో వస్తూ ఆగారు. వాళ్ళలో పెద్దాయన దిగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తనవాళ్ళ వైపు తిరిగి, "శవం ఎదురొచ్చిందర్రా, మంచి శకునం. వెళ్ళిన పని అయిపోద్ది" అన్నాడు. ఆటోలోంచి ఆడవాళ్ళు కూడా తలలు బయటపెట్టి చేతులు జోడించారు.

అలా పొద్దుటి ఎండలో, నడిరోడ్డు మీద, అందరికీ ఎదురుగా వెళ్ళారు మా అత్తయ్యగారు.