అక్క వైపు చిల్లు

మా చిన్నప్పుడు... మా కారు వెనక సీటు దగ్గర మూడు కిటికీలుండేవి. రెండు తలుపులకు, ఒకటి నేలకు. నేలకున్నది అక్కది.

నాన్నది చేపల వ్యాపారం. తెల్లవారుజామున పాత అంబాసిడర్ వెనక సీటు ఊడదీసి, కృష్ణ ఒడ్డుకు పోయి, చేపల గంపలు ఎక్కించుకుని గద్వాల మార్కెట్టులో దింపి వచ్చేవాడు. తర్వాత నేల కడిగి, సీటు మళ్లీ బిగించి, అదే కారులో మమ్మల్ని బడికి తీసుకుపోయేవాడు. గంపలెప్పుడూ ఎడమ పక్కన, తరాజూ తూకపు బాట్లూ కుడి పక్కన. గంపల్లోంచి ఐసు నీళ్లు కారి ఎడమ పక్కే నిలిచేవి... అందుకే తుప్పు కూడా అటే పట్టింది. ఒక వానాకాలం గడిచేసరికి అక్క కాళ్ల దగ్గర అరచేయంత చిల్లు పడింది.

కుడి పక్క నేను. నాకు కనిపించేది నాన్న మెడ, ఆయన చొక్కా కాలరు... అంతే. మా ఇద్దరి మధ్య నేల రేకు గట్టులా లేచి ఉండేది. దాని మీదుగా వంగి చూద్దామంటే అక్క పావడా అడ్డం పెట్టేది.

"నువ్వు చూడకు, నేను చెప్త" అనేది.

చెప్పేది కూడా... "గవ్వలు పోతున్నయ్‌రా... గిప్పుడు తాబేలు పోయింది..."

"రోడ్డు మీద తాబేలేందక్కా?"

"నీకు కనబడ్తలేదు గద, మల్ల ఎందుకు అడుగుతవ్?"

ముందు సీట్లో నాన్న నవ్వేవాడు. "చిల్లు కోసం ఏం కొట్లాటరా? నీ దిక్కు గూడ పడ్తది తియ్. జర ఓపిక పట్టు."

పడలేదు. నా వైపు నేల మీద రహస్యంగా చెంబుతో నీళ్లు పోసి చూశాను... నాన్న తుడిచేసేవాడు.

ఒకసారి అక్కకు జ్వరం వచ్చి బడికి రాలేదు. నేను ఎగిరి ఆమె చోట్లో కూర్చున్నాను. కిందటి రోజే రాయి ఎగిరి అక్క కాలికి తగిలిందని, నాన్న ఆ చిల్లుకు నూనె డబ్బా మూత బిగించి పెట్టాడు. ఎంత లాగినా నాకు ఊడలేదు. జ్వరం తగ్గి కారెక్కిన పొద్దునే అక్క ఆ మూత ఊడదీసింది... అలా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు వనపర్తిలో నాకొక షెడ్డు ఉంది. తుప్పు పట్టిన పాత కార్లను బాగు చేయడమే నా వృత్తి. తయారీ ఆగిపోయిన బండ్లకు కంపెనీ ముక్కలు దొరకవు. చాసిస్ పట్టీలు, నేల రేకులు... బయటివాళ్లు చేసి అమ్మేవే కొనాలి. కొనేటప్పుడు తొందర పనికిరాదు. ఫోటో చూసి మోసపోకూడదు, రేకు మందం అడగాలి, రంగు వేయని ముక్కే తెప్పించుకోవాలి... రంగు కింద ఏ లోపమైనా దాగిపోతుంది.

నాన్న వ్యాపారాన్ని అక్కే అందుకుంది. దాంతోపాటు కారు కూడా ఆమెకే పోయింది. న్యాయమే... నాకంటే ముందు స్టీరింగు పట్టింది ఆమే. అయినా ఆ తాళం చెవి ఆమె చేతిలో కనిపించినప్పుడల్లా, ఈ వయసులో కూడా, నా చూపు దాని మీదే ఆగిపోతుంది.

ఈమధ్య అక్క ఆ కారును నా షెడ్డుకు తెచ్చింది.

"కింద అంత జంగు తిన్నదిరా. నువ్వు బాగు చేస్తే చేసినట్టు. లేకుంటే పాత ఇనుముకు ఏసేస్త."

కిందికి దూరి సుత్తితో తట్టి చూశాను. కుడి పక్క ఖంగుమంది. ఎడమ పక్క అట్టముక్కలా పలికింది. నేలను మోసే పట్టీని కూడా తుప్పు తినేసింది. అమ్మేవాళ్లు నేల రేకులు జతగానే ఇస్తామన్నారు. మొదట వచ్చినవి పలుచగా ఉంటే తిప్పి పంపాను. రెండోసారి వచ్చినవి సరిగ్గా కుదిరాయి.

"నీ దిక్కు గూడ కొత్తది వెయ్, జత వచ్చింది గద" అంది అక్క.

"మంచి రేకును కొయ్యొద్దక్కా."

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది... కోసి తీసిన రేకు షెడ్డుదే. బండి యజమానులెవరూ దాన్ని అడగరు. అక్క వైపు నేలను చిల్లు చెడకుండా కోసి తీశాను. అంచుల తుప్పును బ్రష్షుతో రాల్చి, నూనె పూసి, గోడకు వేలాడదీశాను. చిన్నప్పుడు దక్కనిది ఇప్పుడు నాది.

కారు తీసుకుపోవడానికి వచ్చిన అక్క తన పాత చోట్లో కూర్చుంది. కొత్త రేకును మడమతో తట్టింది. తర్వాత ఆ గట్టు దాటి నా వైపుకు జరిగి, బాట్లు పడి సొట్టలు పోయిన పాత నేలను చేత్తో తడిమింది.

"నీదంత గట్లనే ఉన్నదిరా..." అంది.

ఆ గొంతును గుర్తుపట్టాను. పక్క చోటును చూసినప్పుడల్లా నా లోపల ఏళ్ల తరబడి విన్న గొంతే అది.

అప్పుడే గోడ వైపు చూసింది.

"అది నాది."

"కోసిన రేకు షెడ్డుదక్కా."

"రేకు నువ్వే పెట్టుకో. చిల్లు నాది. ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్య. చూస్తే చూడు."

లేచి వెళ్లి, గోడ మీది రేకును రెండు చేతులతో దింపింది. చిల్లుకు కన్ను ఆనించి చాలాసేపు నన్నే చూసింది.

"ఏం కనబడ్తుందక్కా?"

"తాబేలు."

రేకును తిరిగి గోడకు తగిలించి, తాళం చెవి తిప్పుకుంటూ పోయింది. ఇప్పుడు కారులో ఏ చిన్న చప్పుడు వినిపించినా గద్వాల నుంచి వచ్చేస్తోంది. చూస్తే ఏమీ ఉండదు... ముందు గోడ దగ్గరికే పోతుంది. నేను ఇవ్వను. కానీ ఆమెకు సులువుగా అందేలా మేకును కొంచెం కిందికి దింపాను.

ఇప్పటి కార్ల నేలంతా మెత్తటి తివాచీయే. కింద రోడ్డు పరుగెడుతోందన్న సంగతే పిల్లలకు తెలియదు... పక్కవాళ్ల వైపు ఏముందోనన్న ఆరాటమూ లేదు. ఎవరూ లేనప్పుడు నేనూ ఆ చిల్లులోంచి చూస్తుంటాను... తాబేలైతే ఇంకా కనబడలేదు.

మీకు దక్కని కిటికీ మీ ఇంట్లో ఎవరి వైపు ఉండేది...?