నాకంటే ముందు బుడగలు సూసినోడు

మా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, కోదాడలో పంతులు నౌకరి చేసి రిటైరైండు. నేను మిర్యాలగూడలో నలభై ఏండ్ల సంది కార్ల షెడ్డు నడుపుతున్న. యాభై దాటినంక నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మంచోడు. ఆ మంచితనం సూస్తేనే నాకు కడుపుల మండేది. అత్తగారింట్ల ఏ కాయితం వచ్చినా ఆయన చేతికిచ్చేటోళ్లు. బోరు మోటరు ఖరాబైతే నన్ను పిలిచేటోళ్లు. నాకంటూ మిగిలింది ఆ ఇంజన్ల ముచ్చటొక్కటే. అండ్ల గూడ ఆయన వేలు పెడతడనుకోలే.

మొన్న చలికాలం ఆయన పాత పెట్రోలు కారొకటి కొన్నడు. వారం తిరగకముందే ఫోను.

"అన్నయ్యా, బండి రోజూ నీళ్లు తాగుతుంది. కింద చూస్తే చుక్క కారడం లేదు. ఒకసారి వచ్చి చూడరాదూ?"

బస్సెక్కి పోయిన. నేను బానెట్ ఎత్తకముందే ఫోను నా ముందర పెట్టిండు.

"నాకైతే హెడ్ గ్యాస్కెట్ పోయిందనిపిస్తుంది అన్నయ్యా. వీడియోలో చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి."

ఇంజను దిమ్మెకు, దాని మీది హెడ్డుకు నడుమ పలుచటి రేకు ఉంటది, అదే హెడ్ గ్యాస్కెట్. అది కాలితే లోపలి మంట నీళ్లలకు దూరుతది, నీళ్లు మంటలకు దూరుతయి. ఎంత పోసినా ఆవిరై పోతయి. అది పట్టుకునుడు నేను దెబ్బలు తిని నేర్సుకున్న పని. ఈయన సోఫాల కూసోని నేర్సుకున్నడు.

"రిపేరు గూడ ఫోన్లనే చేయించుకోకపోయినవా సారూ?" అన్న.

అరుగు మీద కూసున్న మా మరదలు పకపక నవ్వింది. ఆమెకు సూర్యాపేటల కంటి ఆపరేషనై నాలుగు రోజులు. నల్లద్దాలు పెట్టుకోనుంది. తెల్లారి మళ్లా డాక్టరుకు సూపియ్యాలె. ఈ కారులనే పోవాలని ఇద్దరి ఆశ.

ఇంజను సల్లగనే ఉంది. రేడియేటర్ మూత తీసి, నిండ నీళ్లు పోసి, స్టార్ట్ చెయ్యమన్న. నీళ్లు గోరెచ్చ గూడ కాలే, బుడగలు మొదలైనయి. ఒకదానెనక ఒకటి, ఆగకుంట. మూత పెట్టి పై పైపు వత్తి సూసిన. అప్పుడే రాయి లెక్క గట్టిపడ్డది.

అనుమానమే లేదు. పంతులు చెప్పిందే నిజం.

"ఏమంటావ్ అన్నయ్యా?"

"ఏముంది, లోపల గాలి పట్టింది. పైపు క్లిప్పు వదులైంది, గంతే." బాగున్న క్లిప్పునే మళ్లా బిగించిన.

"మరి ఆ బుడగలు ఆగుతాయా?"

"ఆగుతయి. ఎప్పుడాగుతయో ఫోన్ల సూసుకో."

"ఇగ నీ డాక్టరీ బందు పెట్టు," అని మా మరదలు మొగుణ్ని ఎక్కిరించింది. "బావ చెయ్యి పెట్టిండు గద."

ఆయన ఫోను జేబుల పెట్టుకున్నడు. "నువ్వు చెప్పాక ఇంక తిరుగేముంది అన్నయ్యా. రేపు ధైర్యంగా వెళ్తాం."

కోదాడ బస్టాండ్ల నా బస్సు కోసం నిలబడ్డ. ఎదురుంగ సూర్యాపేట బస్సు వచ్చి ఆగింది. బోర్డు చదివిన. ఒకప్పుడైతే ఏ బస్సని పక్కనోన్ని అడిగేటోన్ని. చదివినంక ఆ రోడ్డు కండ్లల్లకొచ్చింది. లారీల నడుమ ఇంజను పట్టేసి, ఆ దుమ్ముల నల్లద్దాలు పెట్టుకోని మరదలు నిలబడుడు కనబడ్డది. బుడగలు కండ్లార సూసి గాలి అన్నోన్ని నేనే గద.

ఎనుకకు తిరిగిన. కానీ నోటితోని చెప్పుడు నాతోని కాదు. కంట్రోలరు దగ్గర పెన్నూ కాయితం ముక్కా అడుక్కున్న. "హెడ్ గ్యాస్కెట్ పోయింది. బండి తియ్యకు. బస్సుల పోండ్రి," అని రాసిన. మడిచిన. మళ్లా విప్పి, "నువ్వు చెప్పిందే నిజం," అని కింద రాసిన. ఆ ఒక్క ముక్కకు పట్టిన సేపు మొత్తం చీటీకి పట్టలే.

వాళ్లింటికి వచ్చేసరికి ఆయన కూరగాయలకు పోయిండు.

"ఏంది బావా, మళ్లొచ్చినవ్?"

"స్క్రూడ్రైవర్ మర్శిన," అని, చీటీని స్టీరింగుల ఇరికిచ్చి వచ్చిన.

తెల్లారి సూర్యాపేట నుంచి ఫోను. బస్సులనే పోయిండ్రంట. కన్ను బాగుందంట.

"నీ చీటీ చదివాను. నిన్న నోరెందుకు రాలేదు అన్నయ్యా?"

"కుళ్లు, సారూ."

"అక్షరాలంటే నేను నేర్పాను. ఇది ఎక్కడ నేర్చుకున్నావ్?" అని నవ్విండు. ఆ నవ్వుకు గూడ నాకు మండింది.

బండిని తాడు కట్టి మా షెడ్డుకు తెచ్చిండ్రు. హెడ్డు విప్పితే గ్యాస్కెట్ రెండో సిలిండరుకు నీళ్ల తొవ్వకు నడుమ నల్లగ కాలింది. కూలి తీసుకోకుంట కొత్తది ఏసిచ్చిన. పాతది పారేస్తుంటే ఆయన అడిగి తీసుకపోయిండు.

ఇప్పుడది కోదాడల వాళ్ల ముందరి గదిల మేకుకు యాలాడుతున్నది. ఎవలొచ్చినా సూపిస్తడు. "నేను కనిపెట్టాను, మా అన్నయ్య బాగు చేశాడు," అంటడు. అబద్ధమేం లేదు అండ్ల. అందుకే ఇంకా మండుతది.

మొన్న పోయినప్పుడు ఆయన స్నానానికి పోయింది సూసి, పక్క గోడకున్న క్యాలెండరు తీసి, ఆ గ్యాస్కెట్ మీద తగిలిచ్చి వచ్చిన.