‘గుడ్’ ముందున్న మాట

మా చిన్నప్పటి ఇంగ్లీషంతా ఒక్క మాటే... ‘గుడ్’. కోరుట్ల బడిలో లెక్క సరిగ్గా చేస్తే సారు ఎర్రసిరాతో నోటుబుక్కులో రాసేవారు. ఐదో తరగతి... ఏబీసీడీలు అప్పుడే మొదలు. ఆ మాటను మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టేదాన్ని.

బడి వెనకే నిజాం కాలంలో కట్టిన ముసాఫిర్ బంగ్లా. ఊళ్ల తనిఖీకి దౌరా మీద వచ్చే ఆఫీసర్లు అక్కడ దిగేవారు. వంట, ఊడ్పు, నీళ్లు... అన్నీ లచ్చవ్వ ఒక్కతే. బడి విడిచాక నేను ఆమె దగ్గరే కూర్చుని కందిలి అద్దాలు తుడిచేదాన్ని.

ఒకనాడు పెద్ద రిజిస్టరు పట్టుకొచ్చింది.

"పొద్దుగాల పోయిన సారు సగం అన్నం ఇడిసిపెట్టిండు బిడ్డా. పోతపోత గీండ్ల ఏందో రాసిండు, జెర సదువు. చెడ్డగ రాస్తే పెద్దసారు నన్ను తీసేస్తడు. ముందుగాల్నే తెలిస్తే జగిత్యాల పోయి బతిలాడుకుంట."

నాకు తెలిసిన మాట ఒక్కటే కనిపించింది. మిగతాది రాదంటే నామోషీ కదా...

"గుడ్ అని రాసిండవ్వా!"

ఆ రోజు నుంచి వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేది. "గీ పొల్ల ఇంగ్లీషు సదువుతది... ఉత్తగనా!"

వారం తిరక్కముందే సారు బోర్డు మీద ‘నాట్’ రాసి అర్థం చెప్పారు. ‘గుడ్’ ముందున్నవి ఆ మూడు అక్షరాలే! పోయి చెప్పొచ్చు, ఇంకా సమయముంది. చెప్పలేదు. పసితనం అనకండి దయచేసి. తెలియక చదివింది పసితనం. తెలిశాక నోరు మూసుకున్నది కాదు.

నెలాఖరుకు పెద్దసారు వచ్చారు. రిజిస్టరు తిప్పి, తాళాలు ఇచ్చేయమన్నారు.

"మంచిగుందనే రాసిండు సారూ! మా బిడ్డ సదివింది..."

గోడ పక్కనున్న నావైపు చూసింది. తల దించుకున్నాను. లచ్చవ్వ గిన్నెలు మూటగట్టుకొని గొల్లపల్లిలో తమ్ముడింటికి పోయింది.

ఇప్పుడు ఆ బంగ్లా మ్యూజియం. మొన్న పోయాను. దిగిన ఆఫీసర్ల పేర్లు పాలరాతి మీద... వాళ్లు కూర్చున్న కుర్చీలను ముట్టుకోకుండా చుట్టూ తాళ్లు! ఒళ్లు మండింది. చూపించే అమ్మాయిని దులిపేశాను.

"ఇదేనా చరిత్ర? పడుకున్నోళ్ల పేర్లుంటయి, పక్కలు పరిచినోళ్లకు పేర్లే లేవా?"

"ఒక్క పేరుంది మేడం. గిటు రండ్రి."

అద్దాల పెట్టెలో అదే రిజిస్టరు... అదే పేజీ. ‘కుక్ లచ్చవ్వ. ఫుడ్ నాట్ గుడ్.’

"వచ్చినోళ్లు సదివి నవ్వుకుంటరని గా పేజీనే తెరిచి పెట్టినం" అంది. "పాపం, ఆమెకు వంట రాకుండె గావచ్చు."

ఆ చేతి వంకాయకూర నాకింకా నాలుక మీదుంది... వేదికలెక్కి ఇంత అరిచే నోరు అక్కడ పెగల్లేదు.

ఇవాళ ఏ భాషలో ఏం రాసినా ఫోనే చదివి చెబుతుంది. అప్పుడు లచ్చవ్వకు నేను తప్ప ఎవరున్నారు?

మీరూ ఎవరికైనా ఇట్లా తప్పు చదివి చెప్పారా? కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కొంచెం తేలికవుతుందేమో.

వద్దులెండి. నాకు తేలిక కావొద్దు.