దడి మీద చిక్కుళ్ళు

ఇప్పటికీ కుక్కర్ మూత తీయగానే మాంసంతో కలిసి ఉడికిన చిక్కుడు గింజల వాసన వస్తే, నా చూపు గుమ్మం వైపు పోతుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సారపాక దగ్గరి ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ బడిలో ఆయా. ఒక సాయంత్రం ఇంటికి రాగానే బాబాయి పంపిన టర్కీ కోడి మాంసం, చిక్కుడు గింజలు, టమాటాలు, కారం అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసింది. ఆకలి మీద సగం కంచం తిన్నాక నానమ్మ మాట గుర్తొచ్చింది.

"కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టకముందు కొత్త చిక్కుళ్ళు తినొద్దు బిడ్డా. తింటే ఇంటోళ్ళకు పులి ఎదురొస్తది."

పండుగ ఇంకా కాలేదు. మా దడి నిండా చిక్కుళ్ళు కాసి ఉన్నాయి. నాన్నేమో కాగితం మిల్లులో పని ముగించుకుని జామాయిల్ తోటల మధ్యగా సైకిల్ మీద రావాలి.

కంచం పక్కకు నెట్టేశాను. గుమ్మంలో కూర్చున్నాను. ఎండుటాకు కదిలినా లేచి దారి వైపు చూశాను. తిన్నది నేను, పులి మాత్రం నాన్నకు ఎదురొస్తుంది.

సైకిల్ బెల్లు వినగానే ఏడుస్తూ పరుగెత్తి నాన్న కాళ్ళు చుట్టేసుకున్నాను. సంగతి విని అమ్మ నవ్వింది.

"అవి పోయినేడు ఎండబెట్టిన గింజలే పిచ్చిదానా! పొద్దుగాల నానేసిన. పండుగ కాకుండ కొత్తయి ఎట్ల వండుత?"

నేనూ నవ్వేశాను. దడి నిండా పచ్చి కాయలుండగా, బడికి ఆలస్యమవుతున్నా పాత గింజలు వెతికి నానేసిందంటే, ఆ జామాయిల్ దారిని తలచుకుని నాకంటే ముందే భయపడింది అమ్మేనని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.