లొవెల్ చేతిలో ఉన్నది ఒక్క పేజీ

లొవెల్ ట్వెట్ ఫోన్ నంబరు డార్లాకి ఇచ్చింది నేనే. స్కూలు ఆఫీసులో పనిచేసేదాన్ని, ఎవరేది అడిగినా ఇవ్వడమే నా ఉద్యోగం. అయినా ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

లొవెల్ అమెరికా ఆర్మీలో ఇరవై రెండేళ్లు చేసి మా మోంటానా రాష్ట్రానికే తిరిగొచ్చాడు. వేసవిలో కౌంటీ మట్టిరోడ్లను గ్రేడర్‌తో చదును చేస్తాడు, చలికాలంలో ఆ రోడ్ల మీదే మంచు తోస్తాడు. భార్య పోయాక మాటలు మరీ తగ్గాయి. వీటికి తోడు జీతం లేని పని ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. ఆర్మీ ఆఫీసర్లను తయారుచేసే మిలిటరీ అకాడమీలో చేరాలనుకునే పిల్లలకు మా మూడు కౌంటీల్లో అకాడమీ తరఫు స్వచ్ఛంద ప్రతినిధి అతనే. తొమ్మిదేళ్లలో పద్నాలుగు మందిని ఇంటర్వ్యూ చేశాడు. సీటు వచ్చింది ఇద్దరికి.

డార్లా హౌగ్లండ్ మా స్కూలు బస్సు నడుపుతుంది. భర్తది బీట్‌దుంపల సేద్యం. వాళ్ల కూతురు థియా అప్పుడు ఎనిమిదో తరగతి. అంతకుముందు వేసవిలో ఆర్మీ హెలికాప్టరొకటి ఏదో చెడిపోయి వాళ్ల చేలో దిగింది. నడిపిన ఆవిడ దిగి, థియా తెచ్చిచ్చిన నీళ్లు తాగి, ఇంజను మూత తీసి లోపలున్నదంతా చూపించిందట. ఆ రోజు నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

ముగ్గురూ లైబ్రరీలో కలిశారు. బయటి మనిషి పిల్లలతో మాట్లాడేటప్పుడు స్కూలు తరఫున ఒకరుండాలి కాబట్టి నేనూ కూర్చున్నాను. డార్లా చెర్రీపళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె పట్టుకొచ్చింది.

"అది నేను తీసుకోకూడదు డార్లా," అన్నాడు లొవెల్.

"ఓ ముక్క తింటే దేశం మునిగిపోతుందా?"

"వెర్నాకివ్వు. ఆవిడకి ఏ రూలూ లేదు."

నేను తీసుకున్నాను.

లొవెల్ థియా వైపు తిరిగాడు. "చూడమ్మా, నువ్వు చాలా ముందొచ్చావ్. పదకొండో తరగతి చివర్లో నువ్వు దరఖాస్తు పెడితేగానీ నీ ఫైలు నాకు కనబడదు. కనబడ్డాక నేను చేసేది ఒక్కటే. ఓ గంట మాట్లాడి ఓ పేజీ రాసి పంపుతా. సీటిచ్చేది నేను కాదు. నాకు ఓటు లేదు. నేను రాసింది వాళ్లు చదివారో లేదో కూడా నాకు తెలీదు."

"సరే సార్," అంది థియా. చిన్న నోటుపుస్తకంలో 'ఓటు లేదు' అని రాసుకుంది.

డార్లా నవ్వింది. "పెద్దమనుషులంతా అలాగే అంటారులే లొవెల్. లోపల మనకో మనిషున్నాడు, అది చాలు."

"నేను లోపల లేను డార్లా. ఊరి బయట రోడ్డు మీద ఉన్నా."

ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది. లొవెల్ కూడా నవ్వేశాడు. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది అని తర్వాత నాతో చాలాసార్లు అన్నాడు.

థియా నెలకో ఉత్తరం రాసేది, ఒకటో తారీఖున, తప్పకుండా. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, మైలు ఎంతసేపట్లో పరుగెత్తిందో, జట్టుకు కెప్టెన్ అయిందో లేదో అన్నీ. లొవెల్ మూడు నాలుగు వాక్యాల్లో జవాబిచ్చేవాడు. బాగుంది, సైన్సు వదలకు, ఇంట్లో అమ్మకు సాయం చెయ్యి. అంతకంటే చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

తొమ్మిదో తరగతి మొదలయ్యే ముందు పడమటి అడవులు అంటుకుని మా ఊరి మీద మూడు వారాలు పొగ కమ్మింది. సగం ఊరు దగ్గింది. క్లినిక్‌లో నర్సు థియాకు ఇన్హేలర్ ఇచ్చి, కాగితం మీద ఆస్తమా అని రాసింది. ఆ నెల ఉత్తరంలో థియా అడిగింది, దీనివల్ల ఏమైనా అవుతుందా సార్ అని. ఆరోగ్యం సంగతులు ప్రతినిధులు మాట్లాడకూడదని లొవెల్‌కున్న నిబంధన. అదే రాశాడు. నేను చెప్పకూడదు, సమయం వచ్చినప్పుడు డాక్టర్లు చూస్తారు.

ఇన్హేలర్ రెండు వారాలు వాడింది. తర్వాత ఎక్కడో పారేసింది.

మూడేళ్లు గడిచాయి. థియా ఫైలు తెరుచుకుంది. ఇంటర్వ్యూ గంట అనుకుంటే రెండున్నర గంటలు నడిచింది. లొవెల్‌కు ఆ ఒక్క పేజీ రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. అకాడమీకి తప్పనిసరైన, మేం ఓటేసి పంపిన కాంగ్రెస్ సభ్యుడి సిఫారసూ వచ్చింది. బస్సులో డార్లా ఆ వారమంతా పాటలు పెట్టింది.

తర్వాత వైద్యుల కాగితం వచ్చింది. పదమూడేళ్లు దాటాక ఆస్తమా ఉన్నట్టు క్లినిక్ రికార్డుంది, కాబట్టి అనర్హురాలు. మినహాయింపు ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. అడగాల్సింది అకాడమీయే, కన్నవాళ్లు కాదు, ప్రతినిధీ కాదు. థియా బిల్లింగ్స్ వెళ్లి ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుంది. ఏ లోపమూ లేదన్నారు. ఆ కాగితమూ పంపారు.

లొవెల్ అకాడమీలో ప్రతినిధుల పని చూసే పై అధికారికి ఫోన్ చేశాడు. మా ఆఫీసు నుంచే చేశాడు, ఇంట్లో సిగ్నల్ అందక.

"ఆ పిల్ల పొగకి దగ్గిందండీ. నేను కూడా దగ్గాను. ఊరంతా దగ్గింది."

అవతలి మాట నాకూ వినబడింది. "తెలుసు లొవెల్. ఇది నీ చేతిలోదీ కాదు, నా చేతిలోదీ కాదు."

"మరెవరి చేతిలోది?"

"నాకూ తెలిస్తే బాగుండు."

ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఏప్రిల్ రెండో వారంలో జవాబొచ్చింది. మినహాయింపు లేదని.

మర్నాడు సాయంత్రం డార్లా బస్సు ఆపి, తాళాలు నా బల్ల మీద పడేసి, ఫోన్ కోసం వచ్చి అక్కడే ఉన్న లొవెల్ ఎదుట నిలబడింది.

"నాలుగేళ్లు! నాలుగేళ్లలో ఏం చేశావయ్యా నువ్వు?"

"మొదటి రోజే చెప్పాను డార్లా."

"చెప్పావ్. నమ్మేటట్టు చెప్పలేదు. ఇన్హేలర్ గురించి అది నిన్నడిగితే నోరెందుకు కుట్టేసుకున్నావ్? ఇంకో డాక్టరుకి చూపించమని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

లొవెల్ టోపీ తీశాడు. అప్పటికే ఆస్తమా అన్న మాట కాగితం మీద పడిపోయింది, చెప్పినా ఏం మారేదో ఎవరికీ తెలీదు. అదే అంటాడనుకున్నాను. అనలేదు. "చెప్పాల్సింది," అన్నాడు.

డార్లా తాళాలు తీసుకుని ఏడ్చుకుంటూ బస్సెక్కి పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపడానికి వెళ్లిపోయింది.

ఆగస్టులో థియా బోజ్‌మన్‌లో ఇంజనీరింగ్ చదవడానికి బయల్దేరింది. దారిలో గ్రేడర్ కనబడితే కారాపింది. లొవెల్ కిందికి దిగాడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు.

"సార్, ఒక్కటి అడుగుతాను. నా గురించి ఏం రాశారు?"

"చూపించకూడదమ్మా."

"చూపించద్దు. చెప్పండి."

"అదీ కుదరదు."

థియా తలూపింది. "సరే సార్," అంది. చెయ్యి కలిపి, కారెక్కి వెళ్లిపోయింది. ఆ పేజీ లొవెల్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు కంఠతా వచ్చు. నాక్కూడా చెప్పలేదు.

అతను ఆ పని మానలేదు. మానేస్తే మూడు కౌంటీల్లో ఇంకెవరూ లేరు. ఇప్పుడు చిన్న క్లాసుల పిల్లలెవరైనా వస్తే నవ్వడు. చెప్పేది రెండుసార్లు చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాడు. వాళ్లు అప్పజెప్పినట్టు చెప్తారు. తల్లిదండ్రులు మాత్రం ఇప్పటికీ, బయటికి నడుస్తూ, నా బల్ల దగ్గర ఆగి గొంతు తగ్గించి అడుగుతారు. "నిజం చెప్పు వెర్నా, ఈయన తలుచుకుంటే అవుతుంది కదూ?"